ఆ హిందీ సినిమా ఆడిన పది రోజులు

టార్చి బాబాయ్‌కి సినిమాలంటే పెద్ద ఇష్టం లేదు. ముప్ఫై ఒక్క ఏళ్లు సినిమా హాల్లో పనిచేసిన మనిషి గురించి ఈ మాటంటే ఎవరూ నమ్మరు గానీ, నిజం. ఆయనకి ఇష్టమైంది సినిమా చూసే జనం. ఆట మొదలై, ఆలస్యంగా వచ్చినవాళ్లందరికీ సీట్లు చూపించేశాక, గోడవారగా నడుచుకుంటూ ముందుకెళ్లి, తెరకి వీపు పెట్టి నిలబడేవాడు. తెర వెలుగు పడి వందల మొహాలు ఒకేసారి తెల్లబడుతూ నల్లబడుతూ ఉండేవి. ఆయన చూసిన సినిమా అది.

"దగ్గులు ఎక్కువయ్యాయంటే కథ జారిపోయినట్టు. కుర్చీలు కిర్రుమనడం ఆగిపోయిందంటే పట్టుకున్నట్టు," అనేవాడు. ఏ సినిమా ఎన్నాళ్లాడుతుందో మొదటి ఆట అయిపోగానే చెప్పేసేవాడు. మేనేజరు కూడా ఆ సంగతి ఆయన్నే అడిగేవాడు.

మా హాలు పాతది. మేడ లేదు, అంతా నేల మీదే. ఐదు వందల నలభై సీట్లు. వెనకాల ఒక పెద్ద తలుపు, జనం వచ్చేదీ పోయేదీ దాంట్లోంచే. అటు రెండు, ఇటు రెండు పక్క తలుపులు. అవి సందుల్లోకి తెరుచుకుంటాయి. తెరుచుకుంటాయి అనడమే గానీ, మాకు తెలిసి ఎవరూ వాటిని తెరిచి ఉండగా చూడలేదు. ఎప్పుడో లోపలున్నవాళ్లు ఆ తలుపులు తీసి టిక్కెట్టు లేని స్నేహితుల్ని లోపలికి లాగేవారట. అప్పటి ఓనరు నాలుగింటికీ గొలుసులు వేయించి తాళాలు పెట్టించాడు. ఆ ఓనరు పోయాడు, ఆయన కొడుకు హాలుని మేనేజరు చేతిలో పెట్టి ఎటో వెళ్లిపోయాడు. తాళాలు మాత్రం అలాగే ఉన్నాయి. రోజూ మొదటి ఆటకి ముందు టార్చి బాబాయ్ వెళ్లి నాలుగింటినీ ఒక్కోసారి లాగి చూసేవాడు. తాళంచెవుల గుత్తి ఆయన నడుముకే ఉండేది.

రావాల్సిన పెద్ద సినిమా ఏదో వాయిదా పడి, ఖాళీ పూడ్చడానికి ఆ శుక్రవారం ఒక హిందీ సినిమా తెచ్చి వేశారు. పోస్టరు మీద ఒక ఇనుప తలుపు, దాని మీద మసి చేతుల గుర్తులు. అంతే. హీరో ఎవరో తెలీదు, హీరోయిన్ ఎవరో తెలీదు.

"బుధవారానికి ఎత్తేస్తాం," అన్నాడు మేనేజరు. "మంగళవారానికే," అన్నాడు టార్చి బాబాయ్. ఆయన లెక్క తప్పడం నాకు తెలిసి అదే మొదటిసారి.

మొదటి రోజు మధ్యాహ్నం ఆటకి ఇరవై ఏడు మందిమి ఉన్నాం. ఆ ఇరవై ఏడు మందిలో నేనూ ఒకణ్ణి. ఎండకి తట్టుకోలేక దూరాను, దాచుకోవడం దేనికి. అరగంట దాకా అందరం మామూలుగానే ఉన్నాం. ఒకడు ఫోను చూసుకుంటున్నాడు, ఇద్దరు సిగరెట్టుకి బయటికెళ్లారు, ముందు వరసలో కుర్రాళ్లు "పాటల్లేవా రా బాబూ" అని అరిచారు. హిందీ సగం మందికి రాదు. నా వెనకాల ఒకావిడ పక్కావిడకి మెల్లగా తెలుగులో చెబుతూ ఉంది. ఆవిడ చెప్పేదాని మీదే మా చుట్టుపక్కల వాళ్లందరం ఆధారపడ్డాం.

కథ పెద్దదేమీ కాదు. చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీ. నాలుగో అంతస్తులో ఆడవాళ్లు పనిచేస్తుంటారు. గుడ్డ ముక్కలు దొంగిలించుకుపోతారని షిఫ్టు మొదలవగానే తలుపుకి బయట నుంచి తాళం వేస్తారు. ఇంటర్వెల్ తర్వాత కింద గోడౌనులో మంట రాజుకుంటుంది. అక్కణ్ణుంచి పదకొండు నిమిషాలు. సంగీతం లేదు. తలుపు మీద చేతులు కొడుతున్న చప్పుడు, "ఖోలో, ఖోలో" అన్న అరుపులు. వెనకాల తెలుగులో చెబుతున్న ఆవిడ ఆగిపోయింది. ఆ మాటకి ఎవరూ అర్థం చెప్పక్కర్లేదు. తర్వాత కోర్టు, వాయిదాలు, యజమాని బయటికొచ్చేయడం. ఆఖర్న ఇంకో ఊళ్లో ఇంకో ఫ్యాక్టరీ, మెట్లెక్కుతున్న వేరే ఆడవాళ్లు. అయిపోయింది.

లైట్లు వేశాక కూడా కాసేపు ఎవరూ లేవలేదు. తర్వాత ఒక భారీ మనిషి గుమ్మం దగ్గర టార్చి బాబాయ్ మీద విరుచుకుపడ్డాడు. "ఏమయ్యా, నాలుగు నవ్వులు నవ్వుకుందామని వస్తే ఇదా మీరు చూపించేది?" ఆ సినిమా ఆయనే తీసినట్టు. ఒక ముసలాయన మాత్రం ఆగి, "ఇది జరిగిందా, కల్పితమా?" అని అడిగాడు. టార్చి బాబాయ్ ఆయన చెయ్యి పట్టుకుని గుమ్మం దాటించాడు. నేనైతే ఇంటికెళ్లాక మా ఆవిడ అడిగితే "ఏదో హిందీ సినిమా" అన్నాను.

ఆ తెలుగులో చెప్పినావిడకి నలభై ఏళ్లుంటాయి. మందపాటి కళ్లద్దాలు. ఏడవలేదు. మర్నాడు మళ్లీ వచ్చింది. ఈసారి వెంట ఐదుగురు. టార్చి బాబాయ్ ఆవిడకి అద్దాలమ్మ అని మనసులో పేరు పెట్టుకున్నాడు. ఆయనకది అలవాటు.

ఆ శనివారం మంటల సీను మొదలైన కాసేపటికి అద్దాలమ్మ లేచింది. బాత్రూముకేమో అనుకుని టార్చి బాబాయ్ ఆవిడ కాళ్ల ముందు వెలుగు వేశాడు. ఆవిడ వెనక్కి వెళ్లలేదు. కుడివైపు పక్క తలుపు దగ్గరికి వెళ్లి, అరచెయ్యి ఆనించి తోసింది. గొలుసు గలగల్లాడింది. తలుపు వేలెడంత కదిలి ఆగిపోయింది. ఆవిడ తిరిగి చూసింది. టార్చి బాబాయ్ మూడడుగుల దూరంలో ఉన్నాడు. ఆ చూపులో కోపం లేదు. కుడుతూ కుడుతూ ఉండగా దారం తెగితే, ఎక్కడ తెగిందా అని వెతుక్కుంటారే, అలాంటి చూపు. వెళ్లి మళ్లీ తన సీట్లో కూర్చుంది.

టార్చి బాబాయ్ ఇంటావిడది కూడా కుట్టుపనే. కాలవ పక్కనున్న చొక్కాల ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్లుగా కాలర్లు కుడుతోంది. పిల్లల్లేరు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటూ, ఒకరి పని గురించి ఒకరు ఎన్నడూ అడిగి ఎరగరు. ఆదివారం పొద్దున టీ తాగుతూ ఆయన మొదటిసారి అడిగాడు.

"మీ అంతస్తులో తలుపుకి తాళం వేస్తారా?"

"ఏ తలుపు?"

"మెట్ల తలుపు. మీరు పనిలో ఉన్నప్పుడు."

"వేస్తారు," అంది ఆవిడ. "ఎనిమిదింటికి వేస్తే మళ్లీ ఒంటి గంటకి తీస్తారు."

"ఇన్నేళ్లలో నాకెప్పుడూ చెప్పలేదేమే?"

ఆవిడ గ్లాసు కింద పెట్టి ఆయన నడుము వైపు చూసింది. "మీరు వెయ్యట్లేదా?"

ఆయన నడుముకున్న గుత్తిని చొక్కా కిందికి తోసుకున్నాడు.

ఆ రోజు ఫ్యాక్టరీకి సెలవు. మధ్యాహ్నం ఆటకి హాలు దాదాపు నిండిపోయింది. అంతా ఆడవాళ్లే. అద్దాలమ్మా ఆ ఫ్యాక్టరీ మనిషే; ఎవరికి చెప్పిందో, వాళ్లు ఇంకెవరికి చెప్పారో. టార్చి బాబాయ్ అలవాటుగా ముందుకెళ్లి తెరకి వీపు పెట్టి నిలబడ్డాడు. మంటల సీను వచ్చింది. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఆయన ఎన్నో మొహాలు చూశాడు. నవ్వేవి, ఏడ్చేవి, నిద్రపోయేవి. ఇలాంటిది మాత్రం చూడలేదు. ఒక్కరూ తెర చూడటం లేదు. తలలు అటు తిరుగుతున్నాయి, ఇటు తిరుగుతున్నాయి. కుడివైపు తలుపులు, ఎడమవైపు తలుపులు. దగ్గు లేదు, కుర్చీ చప్పుడు లేదు. ఆ తలలు అలా తిరగడం గురించి తర్వాత నాతో ఎన్నోసార్లు చెప్పాడు.

వెనక వరసలో మాత్రం ముగ్గురు మగవాళ్లు నవ్వుతున్నారు.

ఆ ముగ్గురిలో మధ్యవాడు ఫ్యాక్టరీ సూపర్‌వైజరు. శుభ్రంగా ఇస్త్రీ చేసిన చొక్కా, మెత్తటి గొంతు. అంతకుముందు ఇంటర్వెల్లోనే టార్చి బాబాయ్‌ని పక్కకి పిలిచి, మర్యాదగా మాట్లాడాడు.

"పెద్దాయనా, మీ ఇంటావిడ మా దగ్గరే కదూ? కాలర్ల లైను. మూడో మిషను."

"అవునండీ."

"మంచి పనిమంతురాలు. ఏ మచ్చా లేదు." చొక్కా చెయ్యి సవరించుకున్నాడు. "మావాళ్లు ఎవరెవరొచ్చారో చూద్దామంటే లోపల చీకటి. ఆ మధ్య వరసల్లో కొంతమంది గుసగుసలాడుకుంటున్నారు. రెండో సగంలో సీట్లు చూపిస్తున్నట్టు అటు వెళ్లి, కాస్త వెలుగు పైకెత్తండి. మీరేం మాట్లాడక్కర్లేదు."

టార్చి పట్టుకోవడంలో టార్చి బాబాయ్‌ది ఒక పద్ధతి. వెలుగు నేల మీద పడాలి, మనిషి కాళ్ల దగ్గర ఆగాలి. మొహం మీద పడకూడదు. చీకట్లో కూర్చున్న మనిషి మొహం మీద వెలుగు వేయడమంటే చెంప మీద కొట్టడమే అనేవాడు. అలాంటి మనిషి ఆ మధ్యాహ్నం టార్చి పైకెత్తాడు. ఒకరి తర్వాత ఒకరు. వాళ్లు కళ్లు చికిలించి, చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఏంటి బాబాయ్?" అన్నారు. "ఏం లేదమ్మా, సీటు నెంబరు," అన్నాడు. అద్దాలమ్మ చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ఆవిడ కళ్లద్దాల్లో ఆయన టార్చే రెండుగా కనిపించింది. వెనకాల సూపర్‌వైజరు ఫోనులో రాసుకుంటున్నాడు.

మొత్తం పదకొండు మంది.

సోమవారం సాయంత్రం ఇంటావిడ పని నుంచి వచ్చి చెప్పింది. పొద్దున గేటు దగ్గరే పదకొండు మందిని ఆపేశారు. కారణం చెప్పలేదు. అద్దాలమ్మ లోపలున్న తన కత్తెర ఇమ్మని అడిగితే అదీ ఇవ్వలేదు.

"ఎవరో చూపించారట," అంది ఆవిడ, ఆరిన బట్టలు మడతపెడుతూ. "హాల్లో ఎవరెక్కడ కూర్చున్నారో అంతా తెలుసు వాళ్లకి."

"నేనే," అన్నాడు టార్చి బాబాయ్.

ఆవిడ చేతులు ఆగలేదు. ఒక చొక్కా మడత పూర్తిచేసి, ఇంకోటి అందుకుంది.

"నా పేరు ఎత్తాడా?"

"నీ పేరు అడ్డం పెట్టుకునే అడిగాడు."

"అయితే ముందు నా మొహం మీద వెయ్యాల్సింది," అంది. ఆ తర్వాత శనివారం దాకా ఆవిడ ఆయనతో మాట్లాడింది పది మాటలుండవు. కంచం పెట్టడం, తియ్యడం అన్నీ మామూలే. మాటలే లేవు.

సినిమా మంగళవారానికీ పోలేదు, బుధవారానికీ పోలేదు. రోజురోజుకీ జనం పెరిగారు. సాయంత్రం షిఫ్టు దిగి ఆడవాళ్లు నేరుగా వచ్చేవారు. తర్వాత గోడౌను కూలీలు, ఆసుపత్రిలో ఊడ్చేవాళ్లు, లాడ్జీలో పనిచేసే కుర్రాళ్లు మొదలయ్యారు. అందరూ లోపలికి రాగానే ఒకే పని చేసేవారు. సీటు వెతుక్కునే ముందు తలుపులు వెతుక్కునేవారు. ఒకడు పక్కవాడితో నవ్వుతూ, "ఇక్కడే అంటుకుంటే మన గతేంట్రా?" అన్నాడు. ఒక్కరూ నవ్వలేదు. వాడి నవ్వు వాడి మొహం మీదే ఎండిపోయింది.

గురువారం టార్చి బాబాయ్ మేనేజరు గదిలోకి వెళ్లాడు.

"ఆ పక్క తలుపులు తీసేద్దామండీ. కనీసం ఆట నడుస్తున్నంతసేపు."

మేనేజరు ఫోను మీంచి తలెత్తాడు. "సినిమా చూసి నీక్కూడా పిచ్చెక్కిందా బాబాయ్? ముప్ఫై ఏళ్లు లేని భయం ఇప్పుడెందుకు?"

"ముప్ఫై ఏళ్లూ ఉండాల్సింది."

"చూడు, ఇప్పటికే ఫ్యాక్టరీ వాళ్లు సినిమా ఎత్తేయమని ఫోన్ల మీద ఫోన్లు. హాలు నిండుతోంది కాబట్టి ఆదివారం దాకా లాగుతున్నా. ఆదివారం మధ్యాహ్నం ఆటతో సరి. అప్పటిదాకా నువ్వు కొత్త గొడవలు తేకు. తాళం తీశావో, సోమవారం నుంచి నువ్వు రానక్కర్లేదు."

శనివారం పగలు, హాలు ఖాళీగా ఉన్నప్పుడు, సూపర్‌వైజరుతో వచ్చిన ఇద్దరిలో ఒకడు లోపలికి వచ్చాడు. పొట్టి మెడ, చేతికి కడియం. టిక్కెట్టు అడగలేదు, సినిమా టైము అడగలేదు. కుడివైపు తలుపుల దగ్గరికి వెళ్లి గొలుసు లాగి చూశాడు. ఎడమవైపుకి వెళ్లి అక్కడా లాగాడు. గోడ పక్కన నిలబడ్డ టార్చి బాబాయ్‌ని చూసి పలకరించాడు.

"ఎప్పుడూ ఇలాగే ఉంటాయా?"

"ఇలాగే ఉంటాయి."

"రేపు కూడా?"

వాడు వెనకాల పెద్ద తలుపు దాకా అడుగులేసుకుంటూ వెళ్లి, దాని వెడల్పు రెండు చేతులు చాచి చూసుకుని, "మంచిది," అని వెళ్లిపోయాడు.

రోజూ తాను చేసే పనే వాడు చేశాడు. ఒక్కో గొలుసూ లాగి చూడటం. వాడెందుకు లాగాడో టార్చి బాబాయ్‌కి ఆ సాయంత్రం ఇంటికి నడుస్తుంటే తెలిసింది. నిజంగా మంట పెట్టక్కర్లేదు. ఐదు వందల మంది, ఒక్క తలుపు. ఆ సినిమా, ఆ సీను. ఒక్క కేక చాలు. జనమే జనాన్ని తొక్కేస్తారు. తర్వాత ఆ సినిమా పేరెత్తడానికే ఊరు భయపడుతుంది.

ఇంటికెళ్లి ఆవిడతో చెప్పాడు. "రేపు ఎవర్నీ రావద్దని చెప్పు."

"చెబితే ఆగుతారా? ఆఖరి ఆటని అందరూ వస్తున్నారు. ఆ పదకొండు మందీ వస్తున్నారు. నేనూ వస్తున్నాను," అంది.

ఇన్నేళ్లలో ఆవిడ ఆ హాలు గడప తొక్కలేదు. ఆదివారం మధ్యాహ్నం వచ్చి, అద్దాలమ్మ పక్క సీట్లో కూర్చుంది. టార్చి బాబాయ్ ఆవిడకి సీటు చూపించాడు. వెలుగు కాళ్ల దగ్గరే ఆపాడు. ఆవిడ తలెత్తలేదు.

వెనక వరసలో సూపర్‌వైజరు లేడు. మిగతా ఇద్దరున్నారు. ఇద్దరూ పెద్ద తలుపుకి దగ్గరగా, సీట్ల చివర్న కూర్చున్నారు.

ఇంటర్వెల్ అయింది. గోడౌనులో మంట రాజుకునే ముందు, ఆడవాళ్లందరూ కూర్చుని తినే సీను ఒకటుంది. అప్పుడు మొదలుపెట్టాడు టార్చి బాబాయ్. కుడివైపు ముందు తలుపు తాళం సులువుగానే వచ్చింది. గొలుసు చప్పుడవకుండా చొక్కా అడ్డం పెట్టి కిందికి దించాడు. రెక్కలు మాత్రం వేలెడంతకి మించి కదల్లేదు. బిగుసుకుపోయాయి. భుజం పెట్టి తోశాడు, రెండోసారి తోశాడు. మూడోసారికి తెరుచుకున్నాయి.

ఎండ లోపలికి దూకింది. తెర మీద బొమ్మ సగం మాసిపోయింది.

"ఏయ్, తలుపెవడ్రా!" "ముయ్యండయ్యా, కనిపించడం లేదు!" జనం ముందు తిట్టారు. అది మామూలే. ఆయన వినిపించుకోకుండా కుడివైపు వెనక తలుపుకి వెళ్లాడు. దాని చెవి తిరగలేదు. జేబులోంచి మిషను నూనె సీసా తీసి రెండు చుక్కలు వేసి, మళ్లీ తిప్పాడు. అది తెరుచుకునేసరికి హాలు నిశ్శబ్దమైపోయింది. తిట్లు లేవు. ఐదు వందల తలలూ ఆయన వైపే తిరిగి ఉన్నాయి. బొమ్మ దాదాపు కనిపించడం లేదు, మాటలు మాత్రం వినిపిస్తున్నాయి. ఆయన తెర ముందు నుంచి ఎడమవైపుకి పరిగెత్తాడు. యాభై తొమ్మిదేళ్ల మనిషి. ఎడమవైపు ముందు తలుపు తీశాడు. నాలుగో దాని తాళంలో చెవి విరిగిపోయింది.

మేనేజరు వెనక నుంచి "బాబాయ్! బాబాయ్!" అని అరుస్తున్నాడు. తెర మీద "ఖోలో" మొదలైంది.

సరిగ్గా అప్పుడు వెనక వరసలోంచి మగగొంతు లేచింది. "మంటలు! హాలంటుకుంది! మంటలు!"

పెద్ద తలుపు బయట నుంచి దబ్బున మూసుకుంది.

జనం లేచారు. ఆ లేచే చప్పుడు తనకి జన్మలో మరుపు రాదంటాడు టార్చి బాబాయ్. కుర్చీలన్నీ ఒక్కసారి పైకి కొట్టుకున్నాయట. వెనక వరసల వాళ్లు పెద్ద తలుపు మీద పడి, అది రాకపోయేసరికి వెనక్కి తిరిగారు. ఇంకొక్క క్షణమైతే తొక్కిసలాట అయిపోయేదే. మధ్యలోంచి ఆయన ఇంటావిడ గొంతు లేచింది. ఆవిడ గట్టిగా మాట్లాడటం ఆయన ఎప్పుడూ వినలేదు. "ఎండ వైపు నడవండి! ఎండ వైపు! తోసుకోకండి, మూడున్నాయి!" అద్దాలమ్మ ఆ మాటనే అందుకుని ఇటు తిరిగి అంది, ఇంకెవరో అటు తిరిగి అన్నారు. మూడు తలుపుల్లోంచి జనం సందుల్లోకి కారిపోయారు. పడ్డారు, లేచారు. చెప్పులు పోయాయి. ఒక ముసలావిడ మణికట్టు విరిగింది, ఒక కుర్రాడి నుదురు చిట్లింది. ఐదు నిమిషాల్లో హాలు ఖాళీ. లోపల ఆ సినిమా ఖాళీ కుర్చీల ముందు ఆడుతూనే ఉంది. పొగా లేదు, మంటా లేదు.

సందులో ఎండలో నిలబడి అందరూ ఒకర్నొకరు లెక్కపెట్టుకున్నారు. కొందరు ఆ నాలుగో తలుపు దగ్గరికి వెళ్లి బయట నుంచి చూశారు. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

టార్చి బాబాయ్ గోడకి చేరగిలబడి ఊపిరి పీల్చుకుంటుంటే ఇంటావిడ వచ్చి ఎదురుగా నిలబడింది. ఆయన మోచేతి మీద గొలుసు గీరిన చోట రక్తం. ఆవిడ అది చూసింది, తుడవలేదు.

"ఇప్పుడు వెళ్లి ఆ పదకొండు మందికీ మీరే చెప్పండి," అంది. "వెలుగు వేసింది నేనేనని. ఒక్కొక్కరికీ విడిగా."

చెప్పాడు. అక్కడే, ఆ సందులోనే మొదలుపెట్టాడు. అద్దాలమ్మ అంతా విని, "నాకు ఆ రోజే తెలుసు బాబాయ్," అంది. "నా కళ్లలో పడింది కదా." క్షమించానని అనలేదు. ఒకామె ఉమ్మేసింది. ఇద్దరు ఏడ్చారు. ఒకామె ఆయన చెప్పేది పూర్తి కాకుండానే, "మా అత్త మణికట్టుకి కట్టు కట్టించాలి, జరుగు," అని పక్కకి నెట్టి వెళ్లిపోయింది. సందులో దొరకనివాళ్ల కోసం ఇళ్లకి వెళ్లాడు. నాలుగు రోజులు పట్టింది.

సోమవారం ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆడవాళ్లు మెట్లెక్కలేదు. తాళం తీసి గొలుసు కిందికి తెచ్చి తమ ముందు పడేస్తే గానీ ఎక్కేది లేదన్నారు. మధ్యాహ్నం దాకా ఎండలో నిలబడ్డారు. చివరికి గొలుసు కిందికి వచ్చింది. పదకొండు మందిలో ఏడుగుర్ని తిరిగి తీసుకున్నారు. మిగతా నలుగురిలో అద్దాలమ్మ ఒకతె. ఆవిడ ఊరు వదిలి వెళ్లిపోయింది. కేక వేసిందెవరో, తలుపు బయట నుంచి మూసిందెవరో తేల్చడానికి వచ్చినవాళ్లు, అందరూ చీకట్లో ఉన్నారు కదా అని రాసుకుని వెళ్లారు. తలుపులు తెరిచి జనాన్ని బెదరగొట్టిందెవరన్న దగ్గర మాత్రం పేరు స్పష్టంగా రాశారు.

టార్చి బాబాయ్ పని పోయింది. హాలు కొన్నాళ్లు మూసి, రంగులేసి, మళ్లీ తెరిచారు. నేను ఆ తర్వాత ఒకసారి వెళ్లాను. సినిమా ఏదో గుర్తు లేదు. ఆట సాగినంతసేపూ మెడ అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నాను. నా పక్కవాళ్లూ అంతే.

ఇప్పుడాయన ఒక మందుల గోడౌనులో పగటి కాపలా. ఇంటావిడ ఆ ఫ్యాక్టరీలోనే, ఆ మూడో మిషను మీదే ఉంది. సూపర్‌వైజరు కూడా అక్కడే ఉన్నాడు. అదే ఇస్త్రీ చొక్కా, అదే మెత్తటి గొంతు. బజార్లో టార్చి బాబాయ్ ఎదురైతే బండి ఆపి మరీ పలకరిస్తాడు.

"పెద్దాయనా, ఒంట్లో కులాసానా? మీ ఇంటావిడది ఇప్పుడు ఏ షిఫ్టు?"

ఆ మనిషికి ఆ సంగతి తెలియదా? టార్చి బాబాయ్ "తెలీదండీ" అంటాడు. ఆ బండి మలుపు తిరిగిందాకా అక్కడే నిలబడి, కొనాల్సినవి కొనకుండానే కాలవ వైపు నడుస్తాడు. ఫ్యాక్టరీ గేటు ఎదురుగా అరుగు మీద కూర్చుని, ఆవిడ మెట్లు దిగి కనబడేదాకా కదలడు.

"ఇవాళ మళ్లీ అడిగాడా?" అంటుంది ఆవిడ.

"అడిగాడు," అంటాడు ఆయన. ఇద్దరూ ఇంటి దారి పడతారు.